కిటికీకి కట్టిన లొట్టి

"తాతా, అమ్మమ్మ కిటికీకి గీ మట్టి లొట్టి ఎందుకు కట్టినవ్? అండ్ల కల్లు సుత లేదు కదా."

ఓ పిల్లా, ఆగు ఆగు! చెయ్యి వెట్టకు దానికి. ఎనుకకు రా. ఇటు, గీ అరుగు మీద నా పక్కపొంటి కూసో. గొంతు జర తగ్గియ్యి. ఎందుకు కట్టిన్నో చెప్త, మొత్తం చెప్త, తొందరేమున్నది, నీ బస్సు రేపు కదా.

ఫోన్ల రికార్డు వెట్టినవా? వెట్టు, నాకేంది. మీ అమ్మకు వినిపిచ్చేటప్పుడు మాత్రం కల్లు ముచ్చట వచ్చిన కాడ జర ముందుకు జరుపు. గా ముచ్చట్ల నేను మీ అమ్మతోని బాగనే తిట్లు తిన్న.

నన్ను చెట్టు మీద చూసిన యాది నీకు ఉండది సిందూ. నువ్వు నడుసుడు నేర్సేనాటికే నేను చెట్లు ఎక్కుడు తగ్గిచ్చిన. గౌండ్లోల్లం కదా మనం, కల్లు గీసుడే మన పని, మా తాత గీసిండు, మా నాయిన గీసిండు, నాకు మూతి మీద మీసం రాకముందే నడుముకు చెట్టెక్కే మోకు కట్టిన్రు. ఇప్పుడు పెట్రోలు బంకు ఉన్నది చూడు, దాని ఎనుక కొత్త ఇండ్లు లేసినయ్ కదా, గదంతా తాటివనమే. సిద్దిపేట గప్పుడు గింత పెద్దగ లేకుండె. మన ఇంటికాడికెల్లి వనం దాక నడుమల ఒక్క స్లాబు ఇల్లు లేదు, అన్ని పెంకుటిండ్లే. కల్లు సుత గప్పుడు సీసా అణాలల్ల... కాదు కాదు, అణాలు మా నాయిన కాలంల. నా కాలంల రూపాయి లోపట. ఏదో ఒకటి, గది కాదు ముచ్చట.

పొద్దుగాల, ఇంకా తెల్లారకముందు మబ్బుల్నే, మోకు ఏసుకొని ఎక్కేటోన్ని. మీదికి పోయి మట్టల నడుమ కూసుంటే, బిడ్డా, అది వేరే ఊరే. కింద మనుషులు, బండ్లు, లొల్లి. మీద పిట్టలు. గాడ మనను మనిషి లెక్క చూడయ్ గవి. కింద నన్ను చూస్తే లేచిపోయే కాకి, మీద నా చేతికి అందేంత దూరంల కూసోని ఈకలు సదురుకుంటది, రోజు వచ్చేటోడే కదా వీడు అన్నట్టు.

ఒక సన్నపు పిట్ట ఉంటుండె. మట్టిరంగుది, నేల మీద కాలు వెట్టంగ నేను ఎన్నడు చూడలే దాన్ని. పేరు నాకు ఇప్పటికి తెల్వది. అది ఏం చేస్తది, గాలిల ఈక ఎగురుతుంటే ముక్కున వట్టుకొచ్చి, తన ఉమ్మితోని తాటాకు కింది దిక్కు అతికిస్తది. ఈక మీద ఈక, ఈక మీద ఈక. గింతంత గూడు, చెంచాలంత. అండ్ల గుడ్డు వెడితే గా గుడ్డును సుత ఉమ్మితోనే అతికిస్తది. గాలి వచ్చి ఆకు ఇట్ల తిరగవడ్డా గుడ్డు గాన్నే ఉంటది. నేను కత్తి వట్టిన చెయ్యి ఆపి చూస్తుంటి. నేను తాడు, కత్తి, తోలుపట్ట, గిన్ని సామాన్లు మోసుకొని గా చెట్టు మీద ఒక పూట నిలవడ్తే గొప్ప. అది ఉమ్మితోని ఇల్లు కట్టి సంసారం చేసింది. ఎవలు నేర్పిన్రే దానికి?

ఇగ తోక చీలిన నల్లపిట్ట ఒకటి. నా పిడికిలంత ఉండది, గద్దను తరుముతది. గద్దనే! దాని గూటి మీదికెల్లి గద్ద నీడ వడ్డదంటే చాలు, లేచి పోయి గద్ద నెత్తి మీద పొడుసుకుంట పొడుసుకుంట వనం అవతల దాక సాగదోలి, మల్ల వచ్చి ఏం ఎర్కలేనట్టు మట్ట మీద కూసుంటది. నేను ఒక్కన్నే మీద కూసోని శెబాష్ అంటుంటి. కింద పోయేటోల్లు వీనికి పొద్దుగాలనే ఎక్కిందనుకునేది.

ఉడుతలైతే ఇగ అడగకు. ఎనుక కాళ్లతోని లొట్టి మూతి వట్టుకొని తలకాయ లోపటికి వెట్టి తాగుతది. తాగినంక దాని నడక చూడాలె. నాలుగు కాళ్లు నాలుగు దిక్కుల వోతయ్, తోక ఒక్కటే సక్కగ నిలవడుతది. ఒకటైతే ఒకనాడు నా నెత్తి మీదికెల్లి భుజం మీదికి, భుజం మీదికెల్లి వీపు మీదికి దిగి మెల్లగ చెట్టు వట్టుకొని పోయింది. నన్ను సుత చెట్టే అనుకున్నది.

గివి చూసుకుంట కూసుంటే కిందికి మీ అమ్మమ్మ వచ్చేది సద్ది వట్టుకొని. జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ. ఆమె పుట్టిల్లు కొమురవెల్లి కదా, మల్లన్న జాతర జనంల పెరిగిన పిల్ల, గొంతు గట్టిది. చెట్టు మొదట్ల నిలవడి మీదికి చూసి ఒక్క కేక. "ఓయ్, దిగు!" గంతే. మా కాలంల మొగని పేరు తియ్యకపోయేది. నేను "ఆఁ, వస్తున్నా" అని మీదనే కూసునేటోన్ని. జరసేపటికి మల్ల. "ఓయ్, దిగు, రొట్టె ఎండుతుంది!" "ఆఁ, వస్తున్నా." రోజు గిదే మాకు. చుట్టుపక్కల చెట్ల మీద ఉన్నోల్లు నవ్వేది. "అన్నా, వదినె పిలుస్తుంది, దిగరాదా" అని వాల్లు సుత మొత్తుకునేది.

తిట్టకపోయేదా అంటే తిట్టేది. కని నేను దిగి మొదటి ముక్క నోట్లె వెట్టంగనే అడిగేది, "ఇయ్యాల ఏం జూసినవ్?" అని. ఆడోల్లు చెట్టెక్కరాయె, ఆమె చూడనిది మొత్తం నేను మోసుకొచ్చి చెప్పాలె. ఊకె నోటితోని చెప్తే ఊకోదు. ఉడుత ఎట్ల నడిచింది? నడిచి చూపియ్యి. నేను రొట్టె చేతుల వట్టుకొని వనం నడుమల ఉడుత లెక్క నడిచిన బిడ్డా! ఆమె కొంగు నోటికి అడ్డం వెట్టుకొని నవ్వి నవ్వి గాన్నే కూలవడేది.

ఆమె అడిగే తీరు సుత చూడాలె. ఉమ్మి పిట్ట ముచ్చట చెప్పిన్నా, "గుడ్డు సరే, అతికిచ్చింది. మరి పిల్ల గుడ్డులకెల్లి వెల్లినంక గది ఎట్ల నిలవడుతది?" అన్నది. మల్లనాటి సంది రోజు గా ఆకు కాడ చూసిన. పిల్ల వెల్లింది. ఈకలు లేవు ఒంటి మీద, కండ్లు తెరవలే, కని గోర్లు మాత్రం ఉన్నయ్. గా గోర్లతోని గూడు వట్టుకొని వేలాడుతుంది. ఆమె అడగకపోతే నేను చూడకపోదును. నేను మీద గంత సేపు కూసునుడు పిట్టల కోసం ఎంతనో, దిగి ఆమెకు చెప్పేతందుకు సుత గంతనే. ఇయ్యాల దీనికి ఏం తీస్కపోవాలె అని ఎతుక్కునేటోన్ని.

ఎటో పోయిన చూడు. లొట్టి కదా నువ్వు అడిగింది. వస్తున్న, గాడికే వస్తున్న.

మోకాళ్లు పోయినయ్. వనం పోయి ప్లాట్లు అయినయ్. మా తమ్ముని కొడుకు శీను, నీకు మామ, వాడు ఊరవతల చెట్లు గీస్తుండు. నేను ఇంటికాడ కూసున్న. కూసున్నంక సుత ఇద్దరం బాగనే ఉన్నం, ఆమె తిట్టుడు, నేను వినుడు. పోయిన వానకాలం మొదట్ల, పొద్దుగాల పొయ్యి కాడ చాయ వెట్టుకుంట వెట్టుకుంట ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మూతి గింత వంకర. మాట మొత్తానికే పోయింది. నువ్వు హాస్టల్ల ఉంటివి, పరీక్షలని మీ అమ్మ నీకు సగమే చెప్పింది.

దవాఖానల మంచిగ చూసిన్రు, ఏం అనరాదు. ఇంటికి తోలేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పెద్దాయనా, చెయ్యి కాలు మెల్లమెల్లగ వస్తయ్. మాట మాత్రం ఆమెకు మాట్లాడాలె అని అనిపిస్తెనే వస్తది. ఊకె వడుకోనిస్తే గట్లనే ఉండిపోతది, చూసుకో" అన్నది. గా మాట నా గుండెల గుచ్చుకున్నది. ఇన్నేండ్లు నన్ను పిలిచిన గొంతు, ఇగ వినవడది అంటే ఎట్ల?

మీ అమ్మ గజ్వేల్ నుంచి వచ్చి ఉన్నది గప్పుడు. మంచం తీసి కిటికీ పక్కకు ఏసినం, గాలి వస్తదని. ఆమె మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. టీవీ వెడితే కండ్లు మూసుకుంటది. జావ తాపిస్తే రెండు గుటకలు, ఇగ మూతి బిగవడుతది. మీ అమ్మ పక్క అర్రలకు పోయి ఏడ్చేది, నాకు వినవడుతనే ఉండె. నేను మంచం కాడ కూసోని పాత ముచ్చట్లు మొదలువెట్టిన. ఉమ్మి పిట్ట, గద్దను తరిమిన పిట్ట. వింటుందో లేదో. ఒకనాడు ఆమె కండ్లు నా దిక్కు తిరిగినయ్. "ఇయ్యాల ఏం జూసినవ్" అని అడిగినట్టే అనిపిచ్చింది నాకు. నేనేం జూసిన? గోడ జూసిన, మందుల సంచి జూసిన. చెప్పేతందుకు నా కాడ ఒక్క ముచ్చట లేదు. గా దినం నాకు ఎంత నామోషి అయిందో ఎవలకు చెప్పలే.

గప్పుడు తట్టింది ఉపాయం. గౌండ్లోని ఉపాయం గౌండ్లోని లెక్కనే ఉంటది మరి. పిట్టలు, ఉడుతలు మీద ఎక్కడికి వస్తయ్? లొట్టి కాడికి. మరి లొట్టి కిటికీ కాడికి వస్తే, గవి సుత కిటికీ కాడికే వస్తయ్. ఆమె చెట్టెక్కకపాయె, చెట్టునే ఆమె కాడికి తెద్దాం. గిది నా లెక్క. శీనును పిలిచి ఒక లొట్టి కల్లు తెమ్మన్న. వాడు "పెద్దబాపు, నీకా, పెద్దమ్మకా?" అన్నడు. "పిట్టలకురా" అన్న. వాడు నన్ను ఒక తీరుగ చూసిండు, కని తెచ్చిండు.

గా సజ్జ కింద కొక్కెం ఉన్నది చూడు, దానికి తాడుతోని కట్టిన. కట్టి మంచం పక్కన కూసోని చూస్తున్న. మొదాలు ఈగలు వచ్చినయ్. ఈగల ఎనుక చీమలు, గోడ పొంటి వరుస వెట్టి. చీమల ఎనుక కందిరీగలు. పిట్ట ఒక్కటి రాలే. కాకి ఒకటి వచ్చి జామచెట్టు మీద కూసోని, మెడ అటు ఇటు తిప్పి లొట్టిని చూసింది, నన్ను చూసింది, లేచిపోయింది. చెట్టు మీద నేను దానికి దోస్తును, కింద మల్ల మనిషినే.

అటెంక పెద్ద పిట్ట వచ్చింది. ఎవలో ఎర్కేనా? ఎనుకింటి మల్లయ్య. వాసన వట్టుకొని సక్కగ కిటికీ కాడికి వచ్చిండు. "బావా, ఇంటికాడనే దుకాణం వెట్టినవా? నాకు చెప్పలేదేంది, ఒక సీసా పొయ్యి" అన్నడు. నేను బయటికి పోయి, ఇది అమ్మేది కాదురా అయ్యా, పిట్టలకు వెట్టిన అన్న. "పిట్టలకు పోస్తవు, బామ్మర్దికి పొయ్యవా?" అని కయ్యం మొదలువెట్టిండు. ఇద్దరం కిటికీ ముందట్నే లొల్లి.

గా లొల్లిల వచ్చింది ఉడుత. జామకొమ్మ మీదికెల్లి సజ్జ మీదికి, సజ్జ మీదికెల్లి తాడు వట్టుకొని లొట్టి మీదికి. తల లోపటికి వెట్టింది, సల్లగ తాగింది. మల్లయ్య కొట్లాటల వడి దాన్ని చూడనే లేదు. తాగి ఎనుకకు ఎక్కబోయి తాడు అందక మల్లయ్య నెత్తి మీది తువ్వాలల వడ్డది. మల్లయ్య ఎగిరి గంతేసిండు! పామనుకున్నడు. తువ్వాల విసిరికొట్టిండు, గది జామకొమ్మకు తట్టుకొని చినిగింది. ఉడుత కింద వడి, లేచి, నిమ్మళంగ గోడ పొంటి నడుసుకుంట వోయింది. నాలుగు కాళ్లు నాలుగు దిక్కుల, తోక సక్కగ. అచ్చం నేను చెప్పినట్టే.

నేను కిటికీలకెల్లి లోపటికి చూసిన. ఆమె మొఖం గోడ దిక్కు లేదు బిడ్డా. కిటికీ దిక్కు ఉన్నది. మూతి వంకర వోని దిక్కు, ఇగో గీడ, గింతంత లేచింది. ఎడమ చేతితోని ఏందో దేవులాడుతుంది. ఏందా అని చూస్తే, కొంగు. నోటికి అడ్డం వెట్టుకునేతందుకు కొంగు ఎతుకుతుంది.

గప్పుడే మీ అమ్మ మందుల దుకాణంకెల్లి వచ్చింది. వచ్చి చూస్తే ఏమున్నది, కిటికీ నిండ కందిరీగలు, ఇల్లంతా కల్లు వాసన, మల్లయ్య తువ్వాల దులుపుకుంట నిలవడ్డడు. "బాపూ, సోయి ఉన్నదా నీకు? అమ్మను కందిరీగ కుడితే ఏం చేస్తవ్, ఆమె చెయ్యి లేపి కొట్టుకుంటదా?" అన్నది. సక్కటి మాటనే అన్నది, తప్పేమున్నది. నేను కల్లు మోరిల పారవోసిన. మల్లయ్య మొఖం చూడాలె నువ్వు గప్పుడు. లొట్టి కడిగి, ఎండుతదని పక్కకు వంచి గదే కొక్కానికి గట్టిగ కట్టి ఇడిసిపెట్టిన. ఇడిసిపెట్టి మర్సిపోయిన.

కని గా దినం సంది మీ అమ్మమ్మ మల్ల గోడ దిక్కు తిరగలే. నేనేమనుకున్న, ఉడుత కోసం చూస్తుంది పాపం, కల్లు లేదాయె, ఎట్ల వస్తది అనుకున్న. ఆమె ఎడమ చెయ్యి లేపి ఇట్ల, రెండు వేళ్లు కలిపి టక్కు టక్కున ఏరినట్టు చూపిచ్చింది. నాకు సమజ్ కాలే. నీళ్లా అన్న. కాదు. మందా అన్న. కాదు. కోపం వచ్చింది ఆమెకు, కండ్లల్ల కనవడుతది కదా. మల్ల గదే చూపిచ్చింది. గప్పుడు బయటికి సరిగ్గ చూసిన. కల్లు కారిన మరక మీద చీమలు ఇంకా తిరుగుతనే ఉన్నయ్. గా చీమలను టక్కు టక్కున ఏరుకుంట ఒక ఊరపిట్ట, మీ పుస్తకాలల్ల పిచ్చుక అంటరు చూడు. మొగది, గొంతు కింద నల్లగుంటది చూడు, గది.

సూడు మరి! నేను కల్లు పోసి పిలుద్దామని కూసున్న, అది చీమల కోసం వచ్చింది. నేను లొట్టి మూతి ఒక్కటే చూస్తున్న, ఆమె గోడంతా చూసింది. జన్మమంతా చెట్టు మీద కూసోని చూసుడంటే నాదే అనుకుంటి. మంచంల వడి, మెడ సుత సరిగ్గ తిరగని మనిషి నాకు పిట్టను చూపిచ్చింది. నాకైతే మొక్కాలనిపిచ్చింది ఆమెకు.

ఇగ ఆమెకు గదే పని. గా కిటికీ ఎంతున్నది, నాలుగు జానలు ఉండది. దాంట్ల ఎంత ఉన్నదే! ప్రహరీ గోడ మీద తొండ ఒకటి, పొద్దెక్కంగనే వచ్చి ఎండల కూసోని, ఎవలో అడిగినట్టు అవును అవును అని తల ఊపుతది. గోరెంకలు జంట, పక్కింటోల్ల వాకిట్ల పెండ్లి పెద్దల లెక్క చేతులు ఎనుకకు వెట్టుకున్నట్టు నడుస్తయ్, నడిసి నడిసి ఊకెనే కొట్లాడుకుంటయ్. వాన వెలిసినంక తూనీగలు. గా ఉడుత సుత వచ్చింది, కల్లు లేకున్నా జామపండ్లకు వచ్చింది. దోరకాయ ముట్టది, పండిందే చూసి కొరుకుతది. ఆమె చెయ్యి లేపి చూపిస్తది, నేను చూస్త. మీ అమ్మ గిన్నె వట్టుకొని కూసుంటే, పిట్ట వచ్చినప్పుడు ఆమె నోరు తెరిచేది, పోతే మూసేది. మీ అమ్మ సుత జావ గిన్నె చేతుల వట్టుకొని, రావే పిట్టా, రావే నా తల్లీ అని కిటికీ దిక్కు బతిమాలేది. అడుగు మీ అమ్మను, కాదంటదేమో.

ఒంట్లెకు జర జీవం వచ్చింది. మీ అమ్మ గజ్వేల్ వోయింది. కని మాట రాలే. ఊఁ అనుడు, ఆఁ అనుడు, గంతే. బతుకమ్మ పండుగ వోయింది. ఆడోల్లు ముందట్నించి పాడుకుంట వోతుంటే మీ అమ్మమ్మ పెదవులు కదిలినయ్, గొంతు రాలే, కండ్లల్లకెల్లి నీళ్లు కారినయ్. నేను తుడిసిన. డాక్టరమ్మ చూసి, ఇంకా ఆలస్యమైతే కష్టమే అన్నది. రాకపోతే రాకపాయె, మనిషి ఉన్నది చాలు అని పైకి అనుకున్న. లోపట మాత్రం, ఒక్కపారి, ఆమె నన్ను తిట్టనన్న తిట్టాలె అని మల్లన్నకు మొక్కుకున్న.

ఇగ గిదే నువ్వు అడిగిన ముచ్చట. ఒకనాడు పొద్దుగాల శీను వచ్చిండు. "పెద్దబాపు, నా లొట్టి ఒకటి పలిగింది, గా కిటికీ కాడిది ఊకె ఉన్నది కదా, ఇయ్యరాదా" అన్నడు. తీస్కపో అన్న. వాడు తీస్త అంటే నేను ఊకున్ననా? నేను కట్టిన ముడి నేనే విప్పాలె. స్టూలు ఏసుకొని ఎక్కిన. మోకాళ్లు కిరకిరమంటున్నయ్. ఒక చెయ్యి సజ్జ మీద, ఒక చెయ్యి తాడు మీద, ముడి విప్పుతున్న.

కిందికెల్లి, "ఓయ్, దిగు!"

"ఆఁ, వస్తున్నా" అన్న నేను. సోయి లేకుంటనే అన్న. అనుకుంట ముడి విప్పుతనే ఉన్న. మల్ల వినవడ్డది, "దిగు!" అని. "వస్తున్నా అంటున్న కదనే" అని జర గట్టిగనే అన్న. అన్నంక నా చెయ్యి ఆగింది. కింద శీను నోరు తెరుసుకొని నన్ను కాదు, కిటికీ లోపటికి చూస్తుండు. నేను తాటిచెట్టు మీద లేను కదా, స్టూలు మీద ఉన్న కదా. మరి నన్ను దిగమన్నది ఎవలు?

సువ్వల నడుమకెల్లి చూసిన. మంచం మీద సగం లేచింది, ఎడమ మోచెయ్యి మీద బరువంతా వెట్టింది, మొఖం ఎర్రగైంది, నన్నే చూస్తుంది. నేను పడిపోతనని భయపడ్డది అనుకున్న. కాదట. చూపు నా మీద లేదు, నా చేతి మీద ఉన్నది. నేను గా దిక్కు చూసిన. లొట్టి మూతి నా ముక్కు ముందట్నే ఉన్నది. మూతి నిండ గడ్డిపోచలు, దూది, మల్లయ్య విసిరికొట్టిన తువ్వాల దారాలు సుత ఉన్నయ్. వాటి నడుమల ఆడపిట్ట తలకాయ బయటికి వెట్టి నన్ను చూస్తుంది. గింతంత పిట్ట, ఎగిరిపోలే. నీ ముసలి మొఖం ఎవలకు కావాలె, పో అన్నట్టు చూసింది.

ముడి మల్ల బిగిచ్చిన. జన్మమంతా కట్టిన ముడే కదా, గా దినం రెండుపార్లు కట్టిన, శీను కింద నా కాళ్లు వట్టుకొని నిలవడ్డడు. దిగిన. దిగి గా స్టూలు మీదనే కూసోని ఏడ్చిన బిడ్డా. చెప్పేతందుకు సిగ్గేంది. సంబురమైంది నాకు, గంత సంబురం నా పెండ్లినాడు సుత కాలే. శీను "లొట్టి వద్దు నాకేం వద్దు" అనుకుంట కండ్లు తుడుసుకొని బండి ఎక్కి పోయిండు.

లోపటికి పోయి ఆమె చెయ్యి వట్టుకొని అడిగిన, "నేను పడ్తనని కదా పిలిచినవ్?" అని. ఆమె నన్ను మంచిగ చూసి తల అడ్డం ఊపింది. "పిట్ట" అన్నది. సూడు! ఇన్ని దినాలు సేవ చేసినోనికి కాదు, పిట్టకు వచ్చింది మాట. నాకేం కోపం లేదు. ఎవలకు వస్తే ఏంది, వచ్చింది.

ఊరపిట్టలు కనవడక ఎన్ని దినాలాయె అసలు. స్లాబు ఇండ్లు అయినంక వాటికి సందులు యాడియి, దూలాలు యాడియి. గా లొట్టి చూసుకొని ఉంటయ్, గాలి రాదు, పిల్లి ఎక్కది, మంచి ఇల్లు అనుకున్నయేమో. నేను కల్లు వెట్టి పిలిస్తే రానివి, ఖాళీ లొట్టి ఇడిసిపెడితే వచ్చినయ్. అవి గడ్డి మోసుడు మొదలువెట్టిన దినం సంది ఆమె చూస్తనే ఉన్నది, నాకు చూపిద్దామనే చూసిందట. ఆమె మీదికి చెయ్యి లేపితే నాకు లొట్టి యాదికే రాలే, నేను చెయ్యి వట్టుకొని నీళ్లా మందా అనే అడిగిన.

ఇప్పుడు మాటలు వస్తున్నయ్. ఒకటి ఒకటి. మాపటిల్లి నేను రొట్టె వెట్టుకొని మంచం పక్కన కూసుంట. కూసోని నేనే అడుగుత, "ఇయ్యాల ఏం జూసినవ్?" అని. ఆమె చెప్తది. నిన్న ఏమన్నదో తెల్సా, "పిల్లలు... నోరు... ఎర్రగ" అన్నది. గా మూడు మాటలకు నా రొట్టె అయిపోయింది. నువ్వు సుత కూసో పోయి, వింటవు. ఒక్కటే, మాట అందక ఆగుతది చూడు, గప్పుడు నువ్వు ఎనుకకెల్లి అందియ్యకు. మీ అమ్మ తొందరకు అందిస్తది, ఆమె మూతి ముడుసుకుంటది. ఎంత సేపైనా కానీ, ఆమె మాట ఆమెనే తీసుకోవాలె. నేను చెట్టు దిగేదాక ఆమె ఎంత సేపు నిలవడలే గప్పుడు?

అండ్ల పిల్లలున్నయి కాబట్టే చెయ్యి వెట్టకన్న నిన్ను. రేపో మాపో ఎగురుతయ్ అంటుంది. ఎగిరేదాక నువ్వు ఉంటే మంచిగుండు, కని కాలేజీ ఉన్నది కదా నీకు. చదువు. చదువుకో మంచిగ. మల్ల వచ్చినప్పుడు నువ్వు సుత ఏం జూసినవో చెప్పాలె ఆమెకు, హాస్టల్ల ఫోనే చూసిన అంటే ఊకోదు. గాడ సుత ఏదో ఒక పిట్ట ఉంటది, తొండన్న ఉంటది, చూడు జర...

ఇన్నవా? ఇన్నవా లేదా? లోపటికెల్లి. "ఓయ్" అంటుంది.

గదే. గప్పుడు గట్ల పిలిస్తే "వస్తున్నా" అని రొట్టె ఎండిపోయేదాక మీదనే కూసునేటోన్ని. ఇప్పుడు ఒక్క పిలుపుకే లేస్త, మోకాళ్లు ఏమన్న అననీ. సల్లగ బతుకు బిడ్డా. నిన్ను పేరు వెట్టి పిలిచేటోల్లు, పేరు తియ్యకుండ పిలిచేటోల్లు నిండుగ ఉండాలె నీకు. ఇగో, చెయ్యియ్యి జర, లేపు నన్ను. ఆఁ, మెల్లగ.

ఆఁ, వచ్చిన, వచ్చిన!